రచయిత గడిలో ఎవరి పేరుండాలి?



వర్డ్‌ప్రెస్‌లో టపాల నిర్వహణ పుట తెరవగానే శీర్షిక, రచయిత, వర్గాలు, ట్యాగులు, వ్యాఖ్యలు, తేదీ అనే నిలువు వరుసలు కనబడతాయి. సొంత అభిప్రాయాలు వ్రాసుకొనేవారికి అవి చాలు. పూర్వకవుల పద్యాలను, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల కవుల పరిచయాలను భద్రపరచే బ్లాగుకు చాలవు. చాలకపోవడమే కాదు, అసత్యం కూడా చెబుతాయి. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలోని పద్యాన్ని నేను టైపు చేసి ఉంచితే రచయిత గడిలో నా పేరు పడుతుంది. తేదీ గడిలో టపా ప్రచురించిన దినం పడుతుంది. టైపు చేసినవాడు లేఖకుడే గాని కవి కాడు. తాళపత్ర ప్రతులు వ్రాసిన లేఖకులెందరో గ్రంథాంతంలో తమ పేరును వేరుగా చెప్పుకొన్నారు. ఆ మర్యాద మనమూ పాటించాలి. అందుకు కవి, ఊరు, కాలం అనే మూడు వరుసలు మనమే చేర్చుకోవాలని నా అభిప్రాయం.

ఇందుకై వర్డ్‌ప్రెస్ మూలసంకేతాన్ని తాకరాదు. తరువాతి నవీకరణలో మన మార్పులు తుడిచిపెట్టుకొని పోతాయి. హుక్కులున్నది అందుకే. సిరిసిల్ల నేతకారులకు ఈ మాట సులభంగా బోధపడుతుంది. జకార్డు అమర్చిన మగ్గంలో రంధ్రాల అట్టలు మార్చితే, వాటి ననుసరించి కొక్కేలు పడుగు పోగులను ఎత్తుతాయి. పువ్వు మారుతుంది, మగ్గం మారదు.

మేనేజ్_పోస్ట్స్_కాలమ్స్ అనే ఫిల్టరు వరుసల జాబితాను మన చేతికిస్తుంది. అందులో కొత్త వరుసలు చేర్చవచ్చు. ‘రచయిత’ అన్న పేరును ‘లేఖకుడు’ అని మార్చవచ్చు. జాబితాను తిరిగి అప్పగించడం మాత్రం మరువరాదు. మేనేజ్_పోస్ట్స్_కస్టమ్_కాలమ్ అనే యాక్షను, మనం చేర్చిన ప్రతి గడి వద్దా వరుస పేరును, టపా సంఖ్యను అందిస్తుంది. కస్టమ్ ఫీల్డులో దాచిన విలువను అక్కడ చూపాలి. ఈ రెంటినీ థీములో గాక చిన్న ప్లగిన్‌లో ఉంచితే, థీము మార్చిననాడు వరుసలు పోవు. వర్డ్‌ప్రెస్.కామ్ ఉచిత ఖాతాలో ప్లగిన్‌కు వీలులేదు. మనమే స్థాపించుకొన్న వర్డ్‌ప్రెస్‌లో ఉంది.

కాలాన్ని బట్టి వరుస పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. కురిక్యాల వద్ద బొమ్మలగుట్ట మీది జినవల్లభుని శాసనం క్రీ.శ. 945 ప్రాంతానిది. సినారె విశ్వంభర 1980 నాటిది. విలువలను అక్షరాలుగా పోల్చితే 9 కంటె 1 ముందు గనుక విశ్వంభరే పాతదవుతుంది! మెటా_వాల్యూ_నమ్ అని అడిగితే సంఖ్యలుగా పోల్చుతుంది. ఇంకొకటి: కాలం నమోదు కాని టపాలు అట్లా వరుస పెట్టినపుడు జాబితాలోనే కనబడవు. కాలం తెలియని కవులే మనకు ఎక్కువ, వారిని పోగొట్టుకోరాదు.

ఊరికి బదులు జిల్లా చాలదా అని కొందరనవచ్చు. సినారె 1931లో హనుమాజీపేటలో జన్మించారు. ఆ ఊరు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11 నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నది. అదేనాడు జగిత్యాల, కోరుట్ల జగిత్యాల జిల్లాకు చెందాయి. జిల్లా మారినా ఊరు ఊరే. 1993లో కన్నుమూసిన అలిశెట్టి ప్రభాకర్ నేటికీ జగిత్యాల కవియే.

పాఠకులు చూడని పుటకు ఇంత శ్రమ ఎందుకని ఆక్షేపణ. పాఠకులు చూడరు, నిజమే. మనం నిత్యం చూస్తాం. ఊరు గడి ఖాళీగా కనబడితే విచారించి నింపాలన్న బుద్ధి పుడుతుంది. గడియే లేకపోతే లోటే తెలియదు. రేపు మన బ్లాగును మరొకరు చేపట్టినపుడు వారికి దక్కేది ఈ పట్టికయే. అందులో శేషప్ప పద్యం నా పేరిట ఉండరాదు.

మీమీ పట్టికలకు ఏ వరుసలు అవసరమో మీరూ ఆలోచించండి.

స్వస్తి.