సీసా మీద బ్యాచ్ నంబరేదీ?



రియాద్‌లో ఉండి బతాకి వెళ్ళని తెలుగువాడు ఉండడు. ఊరికి డబ్బు పంపాలన్నా, పచ్చడి సీసా కొనాలన్నా, మనవాళ్ళ ముఖాలు చూడాలన్నా శుక్రవారం సాయంత్రం అక్కడికే. మొన్న అక్కడ ఒక నిజామాబాద్ తమ్ముడు సంచిలోంచి సీసా తీసి చూపించాడు. "షుగర్‌కి అన్నా, ఊరి నుంచి తెప్పించిన. చెట్టు మందే గదా, ఏమైతది?" లేబుల్ లేదు, బ్యాచ్ నంబరు లేదు. డాక్టరిచ్చిన మాత్రలు మానేశాడట!

మందుల నాణ్యతా పరీక్షలే నా ఉద్యోగం. నాకు భయం వేసింది.

చెట్టు మందైతే ఏమీ కాదా? మన చేలగట్ల మీది గాడిదగడపలో అరిస్టోలోకిక్ ఆసిడ్ ఉంటుంది. అదే జాతి మొక్క 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందులో పొరపాటున కలిసి, పదులకొద్దీ ఆడవాళ్ళ కిడ్నీలు పాడయ్యాయి. పైగా ఆకు నమలడం వేరు, దాని సారం తీసి తాగడం వేరు. సారంలో మంచీ చిక్కబడుతుంది, విషమూ చిక్కబడుతుంది.

2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల మన దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. విదేశాల్లో పరువు పోయింది. వెంటనే మన ప్రభుత్వం కదిలింది. మూలికల మందులు ఎగుమతి చేయాలంటే లోహాల పరీక్ష తప్పనిసరి అంది, 2006 జనవరి 1 నుంచి. మరి దేశంలో అమ్మేవాటికి? ఆ తప్పనిసరి అప్పుడు పెట్టలేదు! దొరగారి కిడ్నీకి పరీక్ష, మన అమ్మానాన్నల కిడ్నీకి నమ్మకమా?

2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య మందు సంగతి మర్చిపోలేదుగా. పరీక్షించాలన్న వాళ్ళని మనమే తిట్టిపోశాం. ఆ నెలాఖరున ప్రభుత్వం కొన్ని మందులకు అనుమతిచ్చి, కంటి చుక్కలకు ఇవ్వలేదు. వేలమంది క్యూ కట్టాక చేసిన పని, మొదటే చేయాల్సింది కాదా?

"ఇంగ్లీషు మందులు చేసిన ఘోరాలు చూడలేదా" అంటారు. చూశాను. అందుకే వాటికీ పరీక్ష కావాలంటాను. "పరీక్షల ఖర్చుకి పల్లె వైద్యుడు బతకడు" అంటారు. అది న్యాయమైన మాట. ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఐఐసీటీ ఉంది. తలుచుకుంటే చేయలేని పని కాదు. అమ్మే ప్రతి బ్యాచ్‌నీ పరీక్షించాలి, ఫలితం తెలుగులో అందరికీ కనిపించేలా పెట్టాలి. మనం అడగాల్సింది ఇదే.

తమ్ముడు చివరికి సీసా నా చేతిలో పెట్టి "నువ్వే చూసి చెప్పరాదే అన్నా" అన్నాడు. కంపెనీ ల్యాబులో సొంత సీసా పరీక్షించే అధికారం నాకు లేదు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టమని బతిమాలి వచ్చాను. అధికారం ఉన్నవాళ్ళని మీరైనా అడుగుతారా?