నష్టపరిహారంలో పిల్లల బాకీ

రోడ్డు ప్రమాదంలో గాయపడిన మనిషికి బీమా కంపెనీ పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. విడాకుల తర్వాత పిల్లల పోషణకు కోర్టు కట్టమన్న సొమ్మును అదే మనిషి ఏళ్ల తరబడి ఎగ్గొట్టాడు. ఆ బకాయిని ఈ పరిహారంలోంచి రాబట్టవచ్చా? అమెరికాలో రాబట్టవచ్చు. తీర్పుల సొమ్ము, సెటిల్‌మెంట్లు, చివరికి లాటరీ డబ్బును కూడా పట్టుకునే అధికారం రాష్ట్రాల పోషణ విభాగాలకు ఉండాలని 1996 నాటి ఫెడరల్ చట్టం నిర్దేశించింది.

ఆచరణ రాష్ట్రానికో తీరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో, సెటిల్‌మెంట్ సొమ్ము క్లయింటు చేతికిచ్చే ముందు అతని మీద పోషణ బకాయి ఉందేమో లాయరు వెతికించి తీరాలి. 60,000 డాలర్లకు రాజీ కుదిరిందనుకుందాం. లాయరు ఫీజు 20,000, ఆస్పత్రి బిల్లులు 15,000 పోగా 25,000 మిగులుతుంది. బకాయి 18,000 ఉంటే ముందు అది తీరాలి. అతనికి దక్కేది 7,000. మసాచుసెట్స్‌లోనైతే 500 డాలర్లు, ఆపైన చెల్లించే ముందు బీమా కంపెనీయే ఆరా తీయాలి.

దెబ్బలు తిన్నది అతనే కదా, ఆ పరిహారం ఆదాయమెలా అవుతుందనే వాదనను కొట్టిపారేయలేం. ఇకముందు చేయించుకోవాల్సిన ఆపరేషన్‌కు ఉద్దేశించిన డబ్బును ముట్టకూడదనే నేనూ అంటాను. కానీ పోయిన జీతానికి బదులుగా వచ్చిన భాగం సంగతేమిటి? పనిలో ఉంటే ఆ జీతంలోంచే కోత పడేది. తండ్రి మంచాన పడ్డాడని పిల్లల ఆకలి ఆగదు. ఇకపై కట్టాల్సింది తగ్గించమని అతను కోర్టును అడగవచ్చు. పాత బకాయిని వెనక్కి వెళ్లి తగ్గించడానికి మాత్రం 1986 నాటి ఫెడరల్ చట్ట సవరణ (బ్రాడ్లీ సవరణ) ఒప్పుకోదు.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. తల్లి ప్రభుత్వ నగదు సాయం తీసుకుని ఉంటే, ఆ కాలానికి పోషణ హక్కును ప్రభుత్వానికి రాసివ్వాలి. దాంతో వసూలైన సొమ్ములో కొంత పిల్లలకు చేరకుండా ఖజానాకు పోతుంది. ఇది అన్యాయం.

మన దగ్గర భరణం ఉత్తర్వును డబ్బు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చని 2020లో రజనేశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బాకీపడ్డ తండ్రి ఆస్తి ఎక్కడుందో తల్లే వెతుక్కోవాలి, ఎగ్జిక్యూషన్ పిటిషన్ తల్లే వేయాలి. ప్రమాద పరిహారం విడుదలకు ముందు భరణం బాకీ ఉందా అని అడగాలన్న షరతు మోటారు వాహనాల చట్టంలో లేదు. ఈ పరిహారం తేల్చే ట్రిబ్యునళ్ల విషయంలో నిబంధనలు చేసే అధికారం ఆ చట్టమే రాష్ట్రాలకు ఇచ్చింది. సొమ్ము కోసం పెట్టుకునే దరఖాస్తుతో పాటే భరణం ఉత్తర్వులపై అఫిడవిట్ అడిగే ఏర్పాటును తెలుగు రాష్ట్రాలు వెంటనే తేవాలి.