మనవణ్ణి చూసే హక్కు దాదీకి లేదా?

కొడుకు చనిపోయాడు. కోడలు బిడ్డతో బందరులోని పుట్టింటికి వెళ్లిపోయింది. విజయవాడలో ఉన్న దాదీకి మనవడి ముఖం చూడటమే గగనమైంది. అప్పుడామె ఎవరిని అడగాలి?

హనఫీ ఫిఖహ్ ప్రకారం తల్లి తర్వాత పెంచుకునే హక్కు, అంటే హిజానత్, నానీది. ఆ తర్వాతే దాదీది. తల్లి ఉండగా దాదా, దాదీలు బిడ్డను చూసిపోయే హక్కు గురించి దేశంలో ప్రత్యేక చట్టమేదీ లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే దిక్కు. ఆ దరఖాస్తు కూడా బిడ్డ ఉంటున్న బందరులోనే వేయాలి, బెజవాడలో కుదరదు.

జడ్జి ముఖ్యంగా చూసేది బిడ్డ మేలు. తల్లిని కోల్పోయిన ముస్లిం పిల్లలను, తండ్రి ఉన్నా, 2010లో సుప్రీంకోర్టు తాత్కాలికంగా నానా దగ్గరే ఉంచింది.

అయినా కోడలికి మెహర్, ఎనిమిదో వంతు వాటా ఇవ్వకుండా మనవణ్ణి చూపించమంటే ఆమె మాత్రం ఎందుకు వింటుంది?