మాటకో లంగరు

రోజూ ఉదయం ప్రార్థనా సమావేశంలో కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చేస్తాం. హిందీలో చేసినా, ఇంగ్లీషులో చేసినా, ఆ ప్రతిజ్ఞను మొదట రాసింది తెలుగులోనని మాలో చాలామందికి ఈమధ్యదాకా తెలియదు. నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు, 1962లో దాన్ని రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో చెప్పడం మొదలైంది. మాలో ఇద్దరి తాతలు ఈ దీవులకు రావడానికి ఓడెక్కింది కూడా ఆ విశాఖ రేవులోనే. ఈ సంగతి తెలిసిన రోజు మాకు గర్వంగా అనిపించింది.

గర్వంతో పాటు కాస్త సిగ్గు కూడా వేసింది. ఉదయం దేశానికి అంత పెద్ద మాట ఇచ్చే మేము, సాయంత్రానికి మాకు మేము ఇచ్చుకున్న చిన్న మాటలు తప్పుతున్నాం. "ఈరోజు ఫిజిక్స్ లెక్కలు పది చేస్తాను." "రేపటి నుంచి తెల్లవారుజామున లేస్తాను." "ఒక్క ఐదు నిమిషాలు చూసి ఫోన్ పక్కన పెట్టేస్తాను." ఫోన్ చేతిలోకి వస్తుంది, గంట గడిచిపోతుంది, మాట పోతుంది.

ఇది రాస్తున్న మేము నలుగురం గోల్ ఘర్ చుట్టుపక్కల ఉండే పదకొండో తరగతి విద్యార్థులం. మాట తప్పినప్పుడల్లా "మాకు పట్టుదల లేదు" అని మమ్మల్ని మేమే తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు మా అభిప్రాయం మారింది. అది మారడానికి కారణం మాలో ఒకమ్మాయి నాయనమ్మ.

ఆమె శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర ఒక పల్లెలో ఒంటరిగా ఉంటుంది. కిందటి వేసవి సెలవులకు వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు మా స్నేహితురాలు "ప్రతి ఆదివారం రాత్రి వీడియో కాల్ చేస్తాను నాయనమ్మా" అని మాట ఇచ్చింది. మూడు వారాలు చేసింది. నాలుగో వారం ఫోన్ తీసింది నాయనమ్మకు చేద్దామనే. తెరమీద ఒక రీల్ కనిపించింది, దాని వెనక ఇంకొకటి. తలెత్తి చూసేసరికి పదిన్నర. పడుకుని ఉంటుందిలే, రేపు చేద్దాం అనుకుంది. ఆ తర్వాత రెండు నెలల్లో చేసింది రెండేసార్లు.

దసరా రోజుల్లో వాళ్ల అత్త ఫోన్ చేసి మాటల మధ్య చెప్పింది. ఆదివారం వస్తే ముసలామె పెందలాడే అన్నం తిని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుందట. పక్కింటావిడ అడిగితే "పిల్లకి సదువులుంటాయి గదమ్మా, సెయ్యకపోతే ఏటయిపోద్ది" అంటుందట. అత్త నిందించలేదు. నాయనమ్మ అసలే నిందించలేదు. ఈ సంగతి మాకు చెప్పిన రోజు మా స్నేహితురాలు టిఫిన్ డబ్బా తెరవలేదు.

నాయనమ్మ మీద ప్రేమ లేక ఆ అమ్మాయి ఫోన్ చేయలేదని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. పట్టుదల లేదని అన్నా ఒప్పుకోం. వార్షిక క్రీడల కోసం రోజూ తెల్లవారకముందే లేచి పరుగెత్తే పిల్ల తను. మరి లోపం ఎక్కడుంది?

మా దీవుల్లో ఈ సమస్య కొంత కొత్తది. మేం ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఇక్కడ ఇంటర్నెట్ ఉపగ్రహం మీద ఆధారపడి నడిచేది. ఒక వీడియో తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చని పెద్దలు హాస్యమాడేవారు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధానమంత్రి ప్రారంభించారు. అప్పుడు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన మన శ్రీ విజయపురానికే కాదు, స్వరాజ్ ద్వీప్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ లాంటి చోట్లకూ అది చేరింది. కేబుల్‌ను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. సోంపేటలో ఉన్న నాయనమ్మ ముఖం ఇక్కడ కనిపిస్తున్నది దాని చలవే. కానీ మెయిన్‌లాండ్ పిల్లలకు మెల్లమెల్లగా అలవాటైన వేగం మాకు ఒక్కసారిగా వచ్చిపడింది. దాన్ని వాడుకోవడం వారంలో నేర్చుకున్నాం. ఆపడం ఎవరూ నేర్పలేదు.

ఆపడం ఎందుకంత కష్టం? జంగ్లీఘాట్ వైపు వెళ్లి, గాలం వేసి కూర్చున్నవాళ్లను చూడండి. చేప ప్రతిసారీ పడితే కావలసినన్ని పట్టుకుని లేచిపోతారు. ఎప్పుడూ పడకపోయినా లేచిపోతారు. ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం వల్లనే "ఇంకొక్కసారి చూద్దాం" అని కూర్చుంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో ఇదే గమనించారు. ఎన్నిసార్లు ముక్కుతో పొడిస్తే గింజ వస్తుందో ముందుగా తెలియనప్పుడు పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ఆయన దీనిమీద పెద్ద పుస్తకమే వెలువరించారు. తెరను వేలితో పైకి తోసినప్పుడు మనకు వచ్చేదీ అలాంటి గింజే. ఒకటి చప్పగా ఉంటుంది, ఇంకొకటి నవ్విస్తుంది. గాలం వేసింది మనమే అనుకుంటాం గానీ, ఇక్కడ చేపలం మనమే.

"మనసుంటే మార్గముంటుంది" అని పెద్దలు చెబుతారు. అది నిజమే. కానీ మా అనుభవంలో దీనికి ఇంకో సగం ఉంది. ముందు మార్గం వేసిపెడితే మనసు దానివెంట నడుస్తుంది. అదే జంగ్లీఘాట్‌లో రాత్రి పడవలు అలల మీద ఊగుతూ ఉంటాయి. పడవను చేత్తో పట్టుకుని నిద్రపోయే జాలరి ఎవరూ ఉండరు. లంగరు వేసి ఇంటికి పోతాడు. అలసిపోయే చేతిని నమ్ముకోకుండా తాడును నమ్ముకుంటాడు. మాటకు కూడా అలాంటి తాడు కావాలన్నదే మా వాదన.

మొదటి తాడు: ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అన్నది ముందే తేల్చుకోవడం. జర్మనీలో పీటర్ గోల్‌విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టాటర్ అనే పరిశోధకులు విద్యార్థులకు ఒక పని ఇచ్చారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిపారో రెండు రోజుల్లోగా రాసి పంపాలి. సగం మందిని ఆ పని ఏ వేళకు, ఎక్కడ కూర్చుని చేస్తారో కూడా ముందే నిర్ణయించుకోమన్నారు. అలా నిర్ణయించుకున్నవారిలో సుమారు ముప్పావు వంతు మంది గడువులోగా రాశారు. మిగిలినవారిలో రాసింది మూడో వంతే. 1997లో ప్రచురించిన ఈ ఫలితం చదివినప్పుడు మాకు ఇంట్లో పూజ గుర్తొచ్చింది. పూజకు ముందు సంకల్పం చెప్పుకుంటారు కదా! ఏ దేశంలో, ఏ సంవత్సరంలో, ఏ మాసంలో, ఏ తిథిన, ఏ గోత్రం వాడు, ఏం చేయబోతున్నాడు అన్నీ వరుసగా చెబుతారు. చిన్నప్పుడు అదంతా ఎందుకా అని విసుక్కునేవాళ్లం. మాటను గాలిలో వదిలేయకుండా చోటుకూ వేళకూ కట్టే పద్ధతి అందులో ఉందని ఇప్పుడు తోస్తోంది.

మా స్నేహితురాలు తన మాటను మార్చి రాసుకుంది. "ఆదివారం సాయంత్రం అమ్మ దీపం వెలిగించగానే, ముందుగదిలో కుర్చీలో కూర్చుని, ఇంకేదీ తెరవకుండా నాయనమ్మకు ఫోన్ చేస్తాను." మన దగ్గర పెందలాడే చీకటి పడుతుంది. దీపం పెట్టడం ఏ ఇంట్లోనూ మరిచిపోరు. మరిచిపోని పనికి మరిచిపోయే పనిని ముడివేసింది, అంతే.

రెండో తాడు: కంటికి కనిపించకుండా చేయడం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లలతో చేసిన ప్రయోగాల గురించి కొందరు వినే ఉంటారు. ఇప్పుడే తింటే ఒకటి, ఆగితే మంచిది దొరుకుతుంది అని చెప్పి పిల్లలు ఎంతసేపు ఆగగలరో చూశారు. తినేవస్తువు ఎదురుగా ఉన్నప్పటికంటే కనబడకుండా ఉన్నప్పుడే పిల్లలు ఎక్కువసేపు ఆగారు. అందుకే చదువుకునే వేళ మా ఫోన్లు మా గదుల్లో ఉండవు. ఒకరిది బీరువాలో, ఒకరిది నాన్నగారి చొక్కా జేబులో, ఇంకొకరిది ఖాళీ అయిన జంతికల డబ్బాలో. డబ్బా మూత తీసే చప్పుడుకు అమ్మ వంటింట్లోంచి తొంగి చూస్తుంది. ఏ యాప్ కన్నా ఆ చప్పుడే గట్టి కాపలా.

మూడో తాడు దగ్గర మేం బోల్తా పడ్డాం. మాట తప్పినవాళ్లు పది రూపాయలు జరిమానా కట్టాలని పెట్టుకున్నాం. రెండో వారానికే ఒకడు నవ్వుతూ ఇరవై రూపాయలు తెచ్చి "రేపటిది కూడా కలిపి తీసుకోండి" అన్నాడు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలోనూ ఇలాగే జరిగింది. శిశు సంరక్షణ కేంద్రాల నుంచి పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే, ఆలస్యంగా వచ్చేవారు తగ్గకపోగా పెరిగారు. గ్నీజీ, రుస్తికీనీ అనే ఆర్థికవేత్తలు 2000లో దీన్ని ప్రచురించారు. "అయ్యో, తప్పు చేస్తున్నామే" అనే జంకు పోయి, "డబ్బు కట్టాం కదా" అనే ధైర్యం వచ్చిందన్నమాట. జరిమానా టికెట్టు ధరగా మారిపోయింది.

మరి డబ్బు కాకపోతే ఏది పనిచేస్తుంది? మా అమ్మలు వేసే చీటీని చూశాం. ఒక్క నెల కూడా తప్పకుండా కడతారు. "నలుగురిలో మాట పోతుంది" అన్నదే వాళ్లను నడిపిస్తుంది. అయ్యప్ప దీక్ష తీసుకున్నవారిని చూశాం. మెడలో మాల, నల్లబట్టలు, మండలం రోజుల నియమం. ఎదురైన ప్రతివాళ్లూ "స్వామీ" అని పిలుస్తుంటే నియమం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? రంజాన్ నెలలో ఉపవాసముండే మా మిత్రులూ అంతే. వేళ నిర్ణయమై ఉంటుంది, ఇంట్లో అందరూ కలిసి ఉంటారు, బేరాలకు చోటు లేదు. ఎవరి నమ్మకం వారిది. కానీ వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. మాట ఇచ్చినవాడిని ఎవరూ ఒంటరిగా వదిలేయరు.

అందుకని జరిమానా తీసేసి ఒక నోటుపుస్తకం పెట్టాం. ప్రతి ఉదయం ప్రార్థనకు ముందు నిన్నటి మాట నిలిచిందా లేదా అని ఒక్క ముక్క రాస్తాం. తిట్లుండవు, సాకులుండవు. అబద్ధం రాయడానికి చేయి రాదు, ఎందుకంటే పక్కన నిలబడి చూసేది స్నేహితుడే.

అన్నీ సవ్యంగా జరిగాయని గొప్పలు చెప్పుకోం. నలుగురిలో ఒక్కరం కూడా ఒక్క రోజైనా తప్పకుండా లేము. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం అప్పుడు మాకు ధైర్యమిచ్చింది. ఒక పని అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టిందట. కొందరికి 18 రోజులే చాలితే, మరికొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్క తేలింది. ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అందులో తేలింది. ఇన్నాళ్లూ మేం ఒకరోజు తప్పగానే "ఇంకేముంది, పోయింది" అని మొత్తం వదిలేసేవాళ్లం. అసలు నష్టం ఆ ఒక్క రోజు వల్ల కాదు, ఆ మాట వల్ల జరిగేది.

మా స్నేహితురాలు ఇప్పుడు వరుసగా పదకొండు ఆదివారాలుగా ఫోన్ చేస్తోంది. మధ్యలో ఒకసారి వానకు సిగ్నల్ పోతే సోమవారం చేసింది. మొన్న నాయనమ్మ తనే అడిగిందట: "అమ్మ దీపం పెట్టేసిందేటి? నానూ పెట్టీసి కూకున్నాను."

అందుకే మా విన్నపం రెండు వైపులకూ. తోటి విద్యార్థులారా, కొత్త సంవత్సరానికి పెద్ద పెద్ద తీర్మానాలు చేయకండి. ఒక్క చిన్న మాట తీసుకుని, దానికి వేళ, చోటు, ఒక తోడు చూసి పెట్టుకోండి. తరగతి డైరీలో ఒక పేజీ ఇందుకోసం కేటాయించమని ఉపాధ్యాయులను మేమూ అడగబోతున్నాం. అమ్మానాన్నలారా, పట్టుదల లేదని మమ్మల్ని తిట్టే ముందు ఆ జంతికల డబ్బాలో మీ ఫోనుకూ కొంచెం చోటుందేమో చూడండి. అన్నం తినే వేళ అందరి ఫోన్లూ అందులో ఉంటే మూత తీయడానికి ఎవరికీ చేయి రాదు.

రేపు ఉదయం మళ్లీ చేయి చాచి నిలబడతాం. దేశానికి ఇచ్చే ఆ మాటను నిలబెట్టుకునే శక్తి ఇలాంటి చిన్న మాటల దగ్గరే అలవాటవుతుందని మా నమ్మకం.

— పదకొండో తరగతి విద్యార్థులు నలుగురు, గోల్ ఘర్