ముందు నూనె, తరవాత నిప్పు

పిల్లలూ, ఈ నెల బాపట్ల నుంచి తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడొకడు మంచి ప్రశ్న వేశాడు. వాళ్ళ తాతగారికి ఒక పాత అంబాసిడరు కారు ఉన్నది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు షెడ్డులో పెట్టిన ఆ బండి మళ్ళీ బయటికి రాలేదు. ఇప్పుడు దాన్ని తీయాలనుకుంటున్నారు. "కొత్త బ్యాటరీ వేసి, కొత్త పెట్రోలు పోసి, తాళంచెవి తిప్పితే చాలదా? మెకానిక్కు మాత్రం ముందు ఇంజనుకు నూనె పట్టించాలంటున్నాడు. చాంబరులో నూనె ఉండనే ఉన్నది గదా!" అని అతని సందేహం.

నూనె ఉన్న మాట నిజమే. కాని అది ఉండవలసిన చోట లేదు. చిక్కంతా అక్కడే.

ఎడ్లబండి ఇరుసుకు కందెన వేయటం మీ తాతలు చూసి ఉంటారు. కాల్చిన గడ్డి మసిలో ఆముదం కలిపి చేసేవారు. అది చిక్కగా ఉండి ఇరుసును అంటిపెట్టుకునేది. బండి మెల్లిగా పోయేది కనక అది సరిపోయింది. మోటారు ఇంజనులో క్రాంకు షాఫ్టు నిమిషానికి రెండుమూడు వేల చుట్లు తిరుగుతుంది. దానికి పల్చటి నూనె ఎడతెగకుండా అందుతూ ఉండాలి. అందుకని ఇంజను అడుగున ఉన్న చాంబరులో నూనె పోస్తారు. ఒక చిన్న పంపు దాన్ని పైకి తోడి, ఫిల్టరు గుండా పంపి, ఇంజను ఒంట్లో తొలిచిన సన్నటి దారుల వెంట ప్రతి బేరింగుకూ చేరుస్తుంది. ఆ పంపును తిప్పేది కూడా ఇంజనే!

ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. నూనె బొట్టు బొట్టుగా కిందికి దిగుతుంది. రాత్రి ఆపి తెల్లారి తీసే బండికి ఇందువల్ల భయం లేదు. బేరింగుల్లో నూనె పొర నిలిచే ఉంటుంది. ఏళ్ళు గడిస్తే ఆ పొర పల్చబడుతుంది, దారులు ఖాళీ అవుతాయి, సిలిండరు గోడలు ఎండుతాయి. బాపట్లకు సూర్యలంక సముద్రం దగ్గర. ఆ ఉప్పుగాలిలోని తేమకు ఎండిన ఇనుము తుప్పు పట్టడానికి ఎంతోకాలం పట్టదు.

అన్నిటికన్న పెద్ద కష్టం, పంపు కూడా ఎండి ఉండటం. కొన్నాళ్ళు వాడని బోరింగు పంపును కొట్టి చూశారా? ఎంత కొట్టినా గాలి తప్ప నీళ్ళు రావు. పైనుంచి చెంబుడు నీళ్ళు పోసి కొడితే వస్తాయి. మన ఇసుక నేలల్లో ఫిల్టరు పాయింటు ఉన్న రైతు కూడా మోటారు వేసే ముందు పంపులో నీళ్ళు నింపుతాడు. ఎందుకంటే, పొడిగా ఉన్న సందుల్లోంచి గాలి జారిపోతుంది. తడి ఉంటేనే పంపు పట్టు దొరికి పైకి లాగుతుంది. నూనె పంపుదీ అదే గుణం.

సరే, కొద్దిసేపు నూనె అందకపోతే మునిగిపోయేదేమిటి? దీనికి జవాబు ఒక రైలు ఇరుసు చెప్పింది. 1883 ప్రాంతంలో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల రాపిడిని పరీక్షిస్తున్నాడు. నూనె పోయటానికని బేరింగు పైభాగాన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరిగేసరికి, నూనె ఆ రంధ్రం గుండా లోపలికి పోవటానికి బదులు పైకి పొంగింది! ఆయన బెండు బిరడా కొట్టాడు. నూనె దాన్ని బయటికి నెట్టింది. కొయ్య బిరడా కొట్టాడు. అదీ మెల్లిగా బయటికి వచ్చింది. చివరకు అక్కడ మీటరు పెట్టి చూస్తే ఒత్తిడి చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. ఇరుసు మీది సగటు బరువు 100 పౌండ్లే! అంటే తిరిగే ఇరుసే నూనెను తనకూ బేరింగుకూ మధ్యకు ఈడ్చుతుంటే, బేరింగు ఆ నూనె మీద తేలుతున్నదన్నమాట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీన్ని లెక్కలతో వివరించాడు.

క్రాంకు షాఫ్టు కూడా ఇలాగే తేలుతుంది. ఆ నూనె పొర వెంట్రుక కన్నా పల్చన. నూనె ఉంటే షాఫ్టు తిరగగానే లేస్తుంది. లేకపోతే లోహం మీద లోహం గీరుకుంటుంది. కొన్ని సెకండ్లలో పడిన గీతలు ఇక పోవు. అంబాసిడరు తయారీ 2014లోనే ఆగిపోయింది గనక, పాడుచేసుకుంటే విడిభాగాలకు తిరగవలసింది తాతగారే.

మన నిజాంపట్నం రేవులో మరబోట్లు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపల వేట నిషేధం వల్ల 61 రోజులు కట్టేసి ఉంటాయి. అది రెండు నెలల కునుకు మాత్రమే. పెద్ద ఓడల ఇంజన్లకైతే, స్టార్టు చేసే ముందే నూనె తోడటానికి కరెంటుతో నడిచే వేరే పంపు ఉంటుంది. కారుకు అది లేదు కనక ఆ పని మనిషి చెయ్యాలి.

పెద్దలు చేస్తుంటే మీరు పక్కన నిలబడి చూడండి. ముందు పాత నూనె తీసి కొత్తది పోయాలి. నిలవ నూనెలో నీరూ ఆమ్లాలూ చేరతాయి. కొత్త ఫిల్టరును వీలైతే నూనెతో నింపి బిగించాలి. కాయిలు వైరు ఊడదీసి, స్పార్కు ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కొక్క సిలిండరులో రెండు చెంచాల నూనె పోసి ఒక పూట వదిలెయ్యాలి. తరవాత గేరు లేకుండా ఉంచి, ఇంజనును చేత్తో మెల్లిగా తిప్పాలి. పాత అంబాసిడర్లకు ముందునుంచి దూర్చి తిప్పే హాండిలే ఉండేది. కదలకపోతే బలవంతం చెయ్యరాదు. మరికాస్త నూనె పోసి రెండురోజులు ఆగాలి. నేను చూసినంతలో, ఇక్కడ ఓపిక లేనివాళ్ళే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు.

బాగా తిరిగితే, ప్లగ్గులు పెట్టకుండానే స్టార్టరుతో పది సెకండ్లు తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పాలి. ప్లగ్గులు లేవు గనక గాలి స్వేచ్ఛగా పోతుంది, బేరింగుల మీద బరువు పడదు. ఈలోగా పంపు నూనెను అందుకుంటుంది. డాష్‌బోర్డు మీది ఆయిలు దీపం ఆరితే, లేదా ముల్లు లేస్తే, నూనె దారుల్లోకి చేరినట్టు. ఆ తరవాతే ప్లగ్గులు బిగించి, వైరు తగిలించి, తాళంచెవి తిప్పటం. మొదట కాసేపు ఎక్సిలేటరు గట్టిగా తొక్కకండి. షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉంచండి. పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఉంటుంది.