విదేశములలో పెండ్లిండ్లు: కాగితము మాటేమిటి?

సంపాదకులవారికి,



బరంపురం, బళ్లారి, హోసూరు వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో గూడ ఇటీవల పిల్లల పెండ్లిని బాలి ద్వీపములోనో, థాయిలాండు సముద్రతీరముననో జరిపించు సరదా ప్రవేశించినది. ఎవరి సొమ్ము వారిది, ఖర్చు సంగతి నేనెత్తబోను. ముప్పది యేండ్లకు పైగా సర్కారు కచేరీలో కాగితాల నడుమ గడిపినవాడను గనుక, ఆ పెండ్లికి కాగితము ఏ దేశమువారిచ్చెదరని మాత్రము అడుగుచున్నాను. అడిగినచోటనెల్ల "అవన్నీ కంపెనీవారు చూచుకొందురు" అను జవాబే వచ్చుచున్నది.

పొలిమేర దాటి పెండ్లి చేయుట మనకు కొత్త గాదు. 1929 నాటి శారదా చట్టము 1930 ఏప్రిల్ 1 నుండి అమలు కాగానే, బ్రిటిషు సీమలోని తెలుగువారు పసిపిల్లల పెండ్లిండ్లకు ఫ్రెంచివారి యానాముకు పోయెడివారు. ఆ యూరికి కల్యాణపురమను పేరు గూడ వచ్చినది. నాడు పొలిమేర దాటిన చట్టము దాటినట్లే. నేడట్లు కాదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము భారత పౌరుడు ఏ దేశమందున్నను వర్తించును. 1955 నాటి హిందూ వివాహ చట్టము సైతము ఇక్కడ స్థిరనివాసము గల హిందువుల వెంట విదేశమునకు వచ్చును. చట్టము వెంట వచ్చును గాని రుజువు వెంట రాదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

థాయిలాండులో జిల్లా కచేరీలో నమోదైనదే పెండ్లి. మన తాళి, తలంబ్రాలు, సప్తపది ఆ ప్రభుత్వమునకు వేడుక మాత్రమే. నమోదు కావలెనన్న, అవివాహితులమని మన రాయబార కార్యాలయము ద్వారా పత్రము, దానికి థాయి భాషలో అనువాదము, వారి విదేశాంగ శాఖ ముద్ర కావలెను. ఇండొనీషియాలో 1974 నాటి చట్టము ప్రకారము మతవిధిని పెండ్లి జరిగి, పిమ్మట నమోదు కావలెను. నాలుగు రోజుల విడిదికి పోయినవారిలో ఈ పని పూర్తి చేసి వచ్చువారెందరు? చేయనిచో ఆ దేశములో పెండ్లికి లెక్కలేదు. మన దేశములో జరిగినదనుటకు ఫోటోలు, సాక్షుల నోటిమాట తప్ప మరేమియు లేదు. ఇక్కడి రిజిస్ట్రారు "పెండ్లి ఎక్కడ జరిగినది?" అని గడి చూపును. బాలి అని వ్రాసిన వెనుకాడు అధికారులు కలరు. బాలికి బదులు బరంపురమని వ్రాయుట అబద్ధపు ప్రమాణము, నేరము.

"మన రాయబారి కచేరీలోనే చేసికొందుము" అనువారు 1969 నాటి విదేశ వివాహ చట్టము చూడవలెను. వధూవరులలో ఒకరైనను ఆ చోట 30 దినములు నివసించి నోటీసు ఇయ్యవలెను. ప్రకటించిన పిదప ఆక్షేపణలకు మరి 30 దినములు. పెరుగన్నము మూట గట్టుకొని పోయి సాయంత్రమునకు తిరిగివచ్చు పని గాదది.

మరికొందరు తెలివిగా ఇంటివద్ద ముందే రిజిస్టరు చేయించి, అసలు పెండ్లి అక్కడ జరుపుచున్నారు. ఇదియు ప్రమాదమే. విధి ప్రకారము పెండ్లి జరుగకుండ పుచ్చుకొన్న రిజిస్టరు పత్రము ఒక్కటే హిందూ వివాహము కాజాలదని 2024 ఏప్రిల్ తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద, 30 దినముల నోటీసుతో చేసికొనువారి సంగతి వేరు.

మన మేనరికముల మాట గూడ చెప్పవలెను. మేనమామ–మేనకోడలు, మేనబావ–మేనమరదలు పెండ్లిండ్లు మన చట్టములో ఆచారమున్నదన్న మినహాయింపు మీదనే నిలుచుచున్నవి. బ్రిటనులో మేనమామ పెండ్లి నిషిద్ధము. అమెరికాలో అనేక రాష్ట్రములలో మేనబావ పెండ్లియు చెల్లదు. యానాములో వ్యక్తిగత ధర్మమును వదలుకొని ఫ్రెంచి సివిలు కోడు క్రిందికి వచ్చిన కుటుంబములవారికి హిందూ వివాహ చట్టమే వర్తింపదు. వారు మరింత ముందుగా విచారించుకొనవలెను.

అన్నిటికంటె మనవారిని బాధించునది పేరు. ఒడియా జనన పత్రములో వెంకటరావు "భెంకట రావు" అగును. తమిళనాట ఇంటిపేరు పోయి తండ్రి పేరు మొదటి అక్షరము మిగులును. మహారాష్ట్రములో నడుమ తండ్రి పేరు చేరును. పాసుపోర్టులో ఇంటిపేరు చివరకు పోవును. మా వీధిలోని ఒక పెండ్లికూతురికి మూడు పత్రములలో మూడు పేర్లు. పెండ్లి సముద్రపుటొడ్డున దివ్యముగ జరిగినది, నమోదు మాత్రము జరుగలేదు. వరుడు కెనడాకు పోయినాడు. ఆమె భార్య ననుటకు కాగితము లేక పదకొండు నెలలుగా పుట్టింటనే యున్నది. వాకిట ముగ్గు వేయునప్పుడు ఎదురింటివారు "ఎప్పుడు ప్రయాణమమ్మా?" అని అడుగుదురని, ఆ పని ఇప్పుడు తల్లి చేయుచున్నది. కంపెనీవారు బిల్లు పూర్తిగా పుచ్చుకొన్నారు. పూలకెంత, దీపాలకెంత అని వివరముగ వ్రాసినారు, రిజిస్టరు మాట అందులో లేనే లేదు.

కనుక పేర్లు ఒక్కతీరుగ దిద్దించుట ఆరు నెలలు ముందే మొదలు పెట్టవలెను. ఒడియా, తమిళ, కన్నడ, మరాఠీ పత్రములకు అనువాదము, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన కేంద్ర విదేశాంగ శాఖ ముద్ర. హేగు ఒప్పందములో చేరిన దేశములకైన అపోస్టీలు చాలును, చేరనివారికి వారి రాయబారి కచేరీ ముద్ర గూడ కావలెను. నగలు తీసికొనిపోవువారు పోవునపుడే విమానాశ్రయములో కస్టమ్సువారి వద్ద పత్రము పుచ్చుకొనిన, తిరిగివచ్చునపుడు సుంకము పేచీ యుండదు.

నన్నడిగిన, సొంత ఊరి గుడిలో పదిమంది ఎదుట సప్తపది నడిపించి, ఆ వారములోనే రిజిస్టరు చేయించి, తరువాత ఏ ద్వీపమునకైన పోయి విందు చేసికొనవచ్చును. "రెండుమార్లు పెండ్లియా?" అని మా బంధువు ఒకరు చిరాకు పడినారు. రెండవదానిని విందు అనుడు, ఎవరు కాదన్నారు? ముహూర్తము సైతము బాలి సూర్యోదయమును బట్టి కట్టవలెనని సిద్ధాంతికి చెప్పువారెందరో నాకు సందేహమే.

కంపెనీవారు తమ ధరల పట్టీలోనే "చట్టరీత్యా నమోదు ఇందు కలదు" అనియో, "లేదు" అనియో వ్రాసి సంతకము చేయునట్లు పెండ్లివారు పట్టుబట్టవలెనని నా మనవి. పుణె, చెన్నపట్నము, యానాముల నుండి ఈ పని జరిపించినవారు ఏ కచేరీలో ఏమి అడిగిరో, ఎన్ని దినములు పట్టినదో ఈ శీర్షికకు వ్రాసిన, మిగిలిన పెండ్లివారికి ఉపకరించును.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురం (ఒడిశా)