చుక్కలు తగ్గించిన ముగ్గు

పోయిన నెల మా పాప బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, మన పాత కెమెరా ఉందా, పాత సామాన్లోడికి వేసేశావా?" అని. బీరువాలో చీరల కింద ఉందని చెప్పాను. అక్కడి పిల్లలు ఇప్పుడు పది పదిహేనేళ్ల నాటి చిన్న డిజిటల్ కెమెరాలు వెతికి మరీ కొనుక్కుంటున్నారట. ఫోన్లో ఫొటోలు మరీ నున్నగా వస్తాయట, వీటిలో పడే మసకా, గరుకూ ముద్దుగా ఉంటాయట. చివరికి అడిగింది, "అది మంచి కెమెరానేనా అమ్మా?" అని.

ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ కెమెరా 2011లో కొన్నాను. చీటీ పాడితే వచ్చిన డబ్బులో నాలుగు వేల ఎనిమిది వందలు తమ్ముడి చేతికిచ్చి బెంగళూరు నుంచి తెప్పించుకున్నాను. మా ఆయన "పెళ్లిళ్లకు స్టూడియో వాళ్లు వస్తారు కదా, నీకెందుకు?" అన్నారు. నాకు కావలసింది పెళ్లిళ్లు కాదు, మామూలు రోజులు. కానీ ఆ మాట అప్పుడు చెప్పడం రాలేదు. "ఉండనీండి" అన్నాను, అంతే.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 10 మెగాపిక్సెల్ అని ఉండేది. మూడు రెట్ల జూమ్, రెండు పెన్సిల్ సెల్లులు. చేతిసంచిలో ఇట్టే ఇమిడేది.

ముందు దాని మంచి చెప్తాను. పగటి వెలుతురులో దానికి వంక పెట్టలేం. మా ఆమడగూరు ఎండ సంగతి మీకు తెలియనిదేముంది, ఆ ఎండలో చెనక్కాయ చేలు, మిద్దె మీద ఆరేసిన వడియాలు, బడికి పోతున్న పాప రిబ్బన్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చేవి. రంగు కూడా మోసం చేసేది కాదు. ధర్మవరం పట్టుచీరను వాకిట్లో పెట్టి తీస్తే అరటాకు పచ్చ అరటాకు పచ్చగానే పడేది. అదే చీరను ఇంట్లో ట్యూబులైటు కింద తీస్తే పాచిపట్టినట్టు కనిపించేది.

ఇక చెడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు దాని పనైపోయేది. లోపల వెలుతురు పట్టే ముక్క చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. చీకట్లో అంత చిన్న దానికి అందే వెలుతురెంత? దాన్ని సాగదీసి చూపించబోతే ఫొటో అంతా ఇసుక చల్లినట్టయ్యేది. ఫ్లాష్ వేస్తే పది అడుగులు దాటి పోదు. కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాల్లో రాత్రి వాహన సేవకు పోయి తీసినవాటిలో స్వామి లేడు, మా ముందు నిలబడినవాళ్ల తలలు మాత్రం తెల్లగా వెలిగిపోతున్నాయి.

రెండో చెడు, బటన్ నొక్కాక అది ఆలోచించుకునేది. పాప పుట్టినరోజుకు కొవ్వొత్తులు ఊదేటప్పుడు నొక్కితే పొగ పడింది. బటన్ సగం నొక్కి పట్టుకుని, సమయానికి మిగతా సగం నొక్కాలని చాన్నాళ్లకు తెలిసింది. మూడోది సెల్లులు. గోడ గడియారానికి వేసే మామూలు సెల్లులు వేస్తే పది ఫొటోలకే నీరసించిపోయేది. ఛార్జింగు సెల్లులు కొన్నాక ఆ బాధ తప్పింది.

తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి పోయినప్పుడు మా ఆయన "ఇదేం కెమెరా, చెట్టు మొత్తం పట్టడం లేదు" అన్నారు. దాదాపు ఐదెకరాల్లో ఊడలు దింపి, 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కిన చెట్టు అది. కింద నిలబడి తీస్తే ఏ కెమెరాలో పడుతుంది? వస్తువును తూచేటప్పుడు దాని చేతకానితనమేదో, మన కోరికలో అతి ఎంతో వేరు చేసి చూడాలని ఆ రోజే నాకు తట్టింది.

ఇంతవరకూ రాసి ఆపితే, పెట్టిన డబ్బుకు న్యాయం చేసిన కెమెరా అని ముగించవచ్చు. కానీ అసలు సంగతి ఇంకొకటుంది.

మా అత్తమ్మ ఫొటోకు నిలబడే మనిషి కాదు. కెమెరా చూస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. "ముసిల్దాన్ని, నన్నేల తీస్తావు పాపా, పాపను తియ్యి పో" అనేది. ఒకరోజు పొద్దున వాకిట్లో విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తా, పాప ఏదో అంటే పకపకా నవ్వింది. ఎండ ఏటవాలుగా మొహం మీద పడుతోంది. చప్పుడు చేయకుండా తీశాను. అంత మంచి ఫొటో ఆ కెమెరా అంతకు ముందూ తీయలేదు, ఆ తర్వాతా తీయలేదు. పన్ను ఊడిన చోటు, ముక్కుపుడక మెరుపు, అన్నీ ఉన్నాయి అందులో.

2014లో ఆమె పోయింది. పదకొండో రోజుకు పటం కట్టించాలని కార్డు తీసుకుని కదిరిలో స్టూడియోకు పోయాము. ఆ అబ్బాయి కంప్యూటర్లో పెట్టి, పెద్దది చేసి, తల అడ్డంగా ఊపాడు. "అక్కా, ఫొటో బాగుంది గానీ సైజు లేదు. పటానికి రాదు" అన్నాడు. 10 మెగాపిక్సెల్ కదా అన్నాను. "కెమెరా పదేనక్కా. మీరు చిన్న సైజులో పెట్టుకుని తీశారు" అన్నాడు.

అవును, పెట్టింది నేనే. కొన్న మొదటి వారమే మెనూలో ఎల్, ఎమ్, ఎస్ అని కనిపిస్తే, ఎస్ పెడితే కార్డులో వేలకు వేలు పడతాయని చూపించింది. సంబరపడిపోయి అదే పెట్టేశాను. రీలుకు 36 ఫొటోలే వచ్చే కాలంలో పెరిగినదాన్ని. ఒక్కటి వృథా అయితే మనసు చివుక్కుమనేది. నూనె, చక్కెర, గ్యాసు అన్నీ పొదుపుగా వాడే చెయ్యి ఫొటోలనూ పొదుపుగా వాడింది. ఎల్ పెట్టినా నా 2 జీబీ కార్డులో ఆరేడు వందలు పట్టేవి. నేనెప్పుడూ రెండు వందలు దాటించింది లేదు.

పిక్సెళ్ల లెక్క మనకు ముగ్గుతో ఇట్టే అర్థమవుతుంది. నేను పెట్టిన చిన్న సైజు అంటే అడ్డం 640 చుక్కలు, నిలువు 480. మొత్తం మూడు లక్షల పైచిలుకు. కెమెరా పెట్టగలిగింది అడ్డం 3648, నిలువు 2736, దాదాపు కోటి. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. ఆ లెక్కన నాది రెండంగుళాల బొమ్మ, అగ్గిపెట్టెంత. ఎల్ పెట్టి ఉంటే పన్నెండంగుళాలు వచ్చేది, సరిగ్గా గోడ మీద పటానికి సరిపోయేంత! ఏడు చుక్కల ముగ్గు వేసి తర్వాత వాకిలంతా సాగదీస్తానంటే సాగుతుందా? చుక్కలు పెట్టేటప్పుడే పెట్టాలి.

చివరికి మా పెళ్లి ఆల్బంలో గుంపు ఫొటో నుంచి అత్తమ్మను వేరు చేసి పటం కట్టారు. అందులో ఆమె ఎవరో పిలిస్తే చూస్తున్నట్టు బిగుసుకుని ఉంటుంది. మా ఇంటి గోడ మీద ఉన్నది ఆమే గానీ, మాకు తెలిసిన ఆమె కాదు.

అందుకే పాప మాటతో నేను ఏకీభవించలేను. మసకలో అందం ఉందంటే ఉండొచ్చు, కావాలని మసకగా తీసుకునేవాళ్ల ఇష్టం వాళ్లది. కానీ మళ్లీ తీయడానికి మనిషి లేనప్పుడు ఆ మసక ముద్దు రాదు. రాత్రిళ్లు ఫొటోలు పాడవడం ఆ కెమెరా లోపం. పాతదైపోయింది కాబట్టి ఆ లోపం గుణమైపోదు. అలాగే అత్తమ్మ పటం రాకపోవడం దాని లోపం కాదు. నాలుగు వేల ఎనిమిది వందల వస్తువు ఆ ఉదయం తన పని తాను చక్కగా చేయగలిగేది. చేయనివ్వనిది నేను.

మనం ఆడవాళ్లం ఇంట్లో ఏ వస్తువునైనా ధర చూసి కొంటాం, అరిగిపోతుందేమోనని సగం వాడతాం. కొత్త కుక్కరు అటక మీద, మంచి పళ్లేలు చుట్టాలకు. ఉప్పూ పప్పూ పొదుపు చేస్తే మిగులుతాయి. మనిషి మొహాన్ని పొదుపు చేస్తే ఏం మిగలదు.

ఇప్పుడు కెమెరా ఫోన్లోనే ఉంది కాబట్టి ఈ కథ పాతదనుకోకండి. మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫొటో కుదించుకుపోయే చేరుతుంది. మనమేమో అక్కడ ఉంది కదా అని ఫోన్లో అసలుది చెరిపేసి జాగా చేసుకుంటాం. అంటే నేను పెట్టిన ఎస్ మళ్లీ పెట్టినట్టే. పంపేటప్పుడు హెచ్‌డీ అని ఎంచుకోండి, లేదా డాక్యుమెంటుగా పంపండి. ఇంట్లో పెద్దవాళ్లవి పది మంచి ఫొటోలైనా అసలు సైజులో ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచండి. వీలైతే నాలుగు అచ్చు వేయించండి.

పాప మొన్న పండక్కి వచ్చి కెమెరా తీసుకుపోయింది. ఇచ్చే ముందు కొత్త సెల్లులు వేసి, మెనూ తెరిచి, ఎస్ తీసేసి ఎల్ పెట్టాను. "దీన్ని మాత్రం మార్చొద్దు పాపా" అన్నాను. ఎందుకని అది అడగలేదు. గోడ మీద జేజి పటం వైపు ఒకసారి చూసి, సంచిలో పెట్టుకుంది.